ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మీకు పనిచేస్తుంది, తలుపేసుకునే చోటు దొరికితే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. రాజమండ్రిలో ఎనిమిదేళ్లు టీచరుగా చేశారు. ఫిబ్రవరిలో నాన్నగారు పోయారు. ఏప్రిల్లో మీవారికి పుణె బదిలీ అయితే ఉద్యోగం మానేసి వెళ్లారు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో మీరిద్దరూ, అయిదేళ్ల బాబు, రావులపాలెంలో ఇంటికి తాళం వేసి మీతో వచ్చిన అత్తగారు. రాత్రి రెండు మూడింటి దాకా నిద్ర లేదు. బాబు మీద ఊరికే అరుస్తున్నారు, వంట చేస్తూ ఏడుస్తున్నారు. మీవారు ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ తీసుకోమంటున్నారు. ఫోన్లో మాట్లాడితే తగ్గుతుందా, డబ్బు దండగా, ఇది డిప్రెషనా, మందులు ఇస్తారా, అత్తగారికి ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పనిచేస్తుంది. మీలాంటి ఇబ్బందికి ఎదురుగా కూర్చుని మాట్లాడినంత బాగానే పనిచేస్తుంది. దిగులు, ఆందోళన, నష్టం తర్వాత వచ్చే నిద్రలేమి, ఊరు మారడం, ఉద్యోగం పోవడం, రిటైర్ కావడం, ఇలాంటి వాటిలో వీడియో కౌన్సెలింగ్‌కూ నేరుగా చేసే కౌన్సెలింగ్‌కూ ఫలితంలో పెద్ద తేడా లేదని చాలా పరిశోధనలు చెప్పాయి. నా అనుభవమూ అదే. కానీ మూడు కావాలి: ఎవరి చెవినా పడకుండా మాట్లాడుకునే చోటు, మీ భాష, సరైన మనిషి. వీటిలో మొదటిది లేకపోతే మిగతా రెండూ ఉన్నా లాభం లేదు. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

నేను విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టుని. ఈ పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. 2020 మార్చి దాకా ఫోన్లో కౌన్సెలింగ్ అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు. మనిషి కూర్చునే తీరు, చేతులు నలుపుకోవడం, చెప్పులు విప్పి లోపలికి రావడానికి పట్టే సమయం, ఇవన్నీ చూడాలని నా పట్టుదల. లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆన్‌లైన్ వాళ్లే. కింద చెప్పే సంగతులు నిజంగా జరిగినవే, మనుషుల ఆనవాళ్లు మాత్రం మార్చాను.

చోటు గురించి. మన ఇళ్లలో తలుపేసుకుంటే "ఏమైంది?" అని అడుగుతారు. గదిలో ఒంటరిగా కూర్చోవడమే ఒక వార్త. ఇలాంటి ఇంట్లోంచి మాట్లాడేవాళ్లు తమకు తెలియకుండానే రెండు రకాల మాటలు మాట్లాడతారు. గది అవతల వంటపాత్ర చప్పుడైతే గొంతు తగ్గిపోతుంది, విషయం పిల్లాడి చదువు మీదకి మళ్లుతుంది. చప్పుడు ఆగితే మళ్లీ అసలు సంగతి. అలా 50 నిమిషాల్లో పది నిమిషాలు కూడా మిగలవు.

ఈ విషయంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. మూడేళ్ల కిందట ఒక అమ్మాయి, పెళ్లయి ఏడాది, నిద్ర పట్టడం లేదని వచ్చింది. మూడు సెషన్లు చక్కగా నడిచాయనుకున్నాను. అడిగినదానికల్లా సమాధానం ఇచ్చేది. ఒక్కోసారి కళ్లు పక్కకి వెళ్లేవి, కిటికీ వైపు చూస్తోందనుకున్నాను. నాలుగో సెషన్‌లో దగ్గు వచ్చింది. పక్కనుంచి ఒక చెయ్యి మంచినీళ్ల గ్లాసు అందించింది. మొదటి రోజు నుంచీ భర్త అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ మూడు సెషన్లలో ఆ పిల్ల చెప్పినదంతా అతను వినడానికి చెప్పినదే. ఆ తర్వాత ఆమెను ఒక మహిళా డాక్టరు దగ్గరికి వేరే కారణం మీద పిలిపించి, నేరుగా మాట్లాడాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఎవరితోనైనా మొదటి సెషన్‌లో రెండు పనులు చేస్తాను. ఫోను ఒకసారి గదంతా తిప్పి చూపించమంటాను. తర్వాత ఒక గుర్తు మాట పెట్టుకుంటాం. "గ్యాస్ బుక్ చేశాను" అన్నారంటే గదిలోకి ఎవరో వచ్చారని అర్థం. వెంటనే నేను మాట మార్చేస్తాను. మీరు ఎంచుకునే కౌన్సెలర్ ఇవి అడగకపోతే మీరే అడగండి.

చోటు ఎక్కడ దొరుకుతుందంటే, ఇంటి బయటే ఎక్కువగా దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన ఒకతను ఆ సంగతి భార్యకు చెప్పలేక రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని ఇంట్లోంచి బయల్దేరేవాడు. మా సెషన్లన్నీ ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో, అతని కారులోనే జరిగాయి. క్లినిక్‌కి రమ్మంటే అతను వచ్చేవాడు కాదు. ఆరో సెషన్ నాటికి భార్యకు చెప్పగలిగాడు. కృష్ణా జిల్లాలో రిటైరైన ఒక పెద్దాయన పొలం గట్టు మీద నడుస్తూ మాట్లాడేవాడు, అది కూడా వీడియో లేకుండా. ఎదుటి మనిషి మొహం చూస్తూ ఏడవడం ఆయనకు చేతకాదు. నడుస్తూ మాట్లాడితే వచ్చేది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, గుడి వెనక అరుగు మీద, ఆఫీసులో ఖాళీగా ఉన్న మీటింగ్ రూములో, ఇలా అందరూ ఏదో ఒక చోటు వెతుక్కున్నారు. స్నానాల గదిలోంచి మాత్రం వద్దు. గొంతు ప్రతిధ్వనించి బయటికే బాగా వినిపిస్తుంది.

మీ విషయంలో నా సలహా ఇది. శనివారం పొద్దున ఒక గంట మీవారు బాబునీ అత్తగారినీ తీసుకుని గుడికో కూరగాయలకో వెళ్లాలి. కౌన్సెలింగ్ తీసుకోమన్నది ఆయనే కదా, ఆ గంట ఇల్లు ఖాళీ చేసి ఇవ్వడం ఆయన వాటా పని. అది కుదరని వారం మీ అపార్టుమెంటు కింద పార్కులో, జనం తక్కువగా ఉండే వేళ. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఇంట్లో ఒకే ఫోను అందరూ వాడుతుంటే, బాబు వీడియోలు చూసేది కూడా దానిలోనే అయితే, కౌన్సెలర్ పంపే మెసేజీలు ఎక్కడ కనిపిస్తాయో ముందే చూసుకోండి.

ఇక భాష. పుణెలో మంచి కౌన్సెలర్లు చాలామంది ఉన్నారు. కానీ మరాఠీ, హిందీ, ఇంగ్లీషు. మీకు ఇంగ్లీషు బాగానే వచ్చు కదా అనుకోవచ్చు. బెంగళూరులో ఉండే ఒకావిడ ఏడాది పాటు ఇంగ్లీషులో కౌన్సెలింగ్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. మొదటి అరగంట "యాంగ్జైటీ" అనే మాటే పదిసార్లు వాడింది. మీ అమ్మగారికి ఇదే చెప్పాలంటే ఏమంటారు అని అడిగాను. కాసేపు ఆగి "సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గుబులుగా ఉంటుందమ్మా అంటాను" అంది. సాయంత్రం, దీపాలు పెట్టే వేళ! ఏడాదిలో ఎప్పుడూ బయటికి రాని సంగతి. ఆమె తల్లి మంచంలో ఉన్న రోజుల్లో డ్యూటీ దిగి ఆసుపత్రికి పరుగెత్తిన వేళ అది. అక్కణ్ణుంచే మా పని మొదలైంది.

మీరు మీ ప్రశ్నలో "నాన్న మీద బెంగ" అని రాశారు. బెంగ అనే మాటకు వేరే భాషలో సరిసమానమైన మాట నాకు ఇప్పటిదాకా దొరకలేదు. దాన్ని దాని పేరుతోనే పిలవగల మనిషితో మాట్లాడండి. ఆన్‌లైన్ వల్ల మీకు వచ్చే అసలు లాభం ప్రయాణం తప్పడం కాదు. పుణెలో కూర్చుని రాజమండ్రి తెలుగులో మాట్లాడగలగడం.

మనిషిని ఎంచుకోవడం. మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అడిగే పద్ధతి ఇంకా గట్టిగా అమల్లోకి రాలేదు. వారం రోజుల కోర్సు చేసినవాళ్లూ కౌన్సెలర్లమే అంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్లకు మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. దాన్ని సీఆర్ఆర్ నంబర్ అంటారు, అడగడానికి మొహమాటపడొద్దు. కౌన్సెలింగ్ సైకాలజిస్టు అయితే సైకాలజీలో పీజీ ఎక్కడ చేశారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్నాళ్లు పనిచేశారు అని అడగండి. బాగా పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

ఇంకో గుర్తు చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. మొదటి సెషన్‌లోనే మీ పూర్తి చిరునామా, అత్యవసరంలో పిలవాల్సిన ఒక మనిషి నంబరు అడగాలి. నేను విజయవాడలో, మీరు పుణెలో. మాట్లాడుతుండగా మీకు ఏదైనా అయితే నేను పరుగెత్తి రాలేను. మీ దగ్గరికి ఎవరు రాగలరో నాకు తెలిసి ఉండాలి. ఇది అడగని మనిషి ఆ సంగతి ఆలోచించలేదన్నమాట.

గోప్యత గురించి కూడా మొదటి రోజే చెప్పించుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్సలో చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇలా కొన్ని మినహాయింపులు ఉన్నాయి. సెషన్ రికార్డు చేస్తారా, నోట్సు ఎక్కడ దాస్తారు అని అడగండి. పది సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే వద్దు. రెండు సెషన్లకు కట్టండి. రెండో సెషన్ అయ్యాక ఆ మనిషి ముందు ఏడవగలననిపిస్తేనే మూడోది. అలా అనిపించకపోతే మార్చేయండి, ఏమీ అనుకోరు. నాలుగైదు సెషన్ల తర్వాత కూడా ఏం మారిందో మీరూ చెప్పలేక, కౌన్సెలరూ చెప్పలేకపోతే అప్పుడూ మార్చండి. మీలాంటివాళ్లతో నాకు మామూలుగా ఆరు నుంచి పది సెషన్లు పడుతుంది, మొదట వారానికొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి.

ఇది డిప్రెషనా? నాలుగు పేరాల ప్రశ్న చదివి ఎవరూ చెప్పకూడదు, నేనూ చెప్పను. కానీ మీ మీద పడింది ఎంతో చూడండి. 1967లో హోమ్స్, రాహీ అనే ఇద్దరు అమెరికా వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు బరువులు కట్టారు. జీవిత భాగస్వామి మరణానికి 100. పెళ్లికి 50, సంతోషమైన మార్పు కూడా బరువే అని వాళ్లు గుర్తించారు. దగ్గరి కుటుంబ సభ్యుల మరణానికి 63, అత్తవారి వైపు చికాకులకు 29, ఇల్లు మారడానికి 20. ఇల్లు మారడం ఒక్కటే అయితే చిన్న విషయం. కానీ మీకు రెండు నెలల్లో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి, ఉద్యోగం పోవడం అదనం. ఆ లెక్కతో జబ్బు ఉందో లేదో తేల్చరు, నేనూ తేల్చడం లేదు. "చిన్న విషయానికి ఇంత చేస్తున్నానేమో" అని రాశారే, ఆ మాటకు మాత్రమే ఇది జవాబు. చిన్న విషయం కాదు.

మీరు రాసిన ఒక సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. పెద్దకర్మ అయిన నెలా పదిహేను రోజులకే సామాను సర్దుకోవాల్సి వచ్చిందన్నారు. రాజమండ్రిలో ఉంటే పాలబ్బాయి, బడిలో ఆయా, పక్కింటి మామ్మగారు ఎవరో ఒకరు "మీ నాన్నగారు ఇలా అనేవారమ్మా" అని తలుచుకునేవారు. దుఃఖం అలా పదిమంది చేతుల్లో పంచుకోబడి తగ్గుతుంది. పుణెలో మీ నాన్నగారిని చూసిన మనిషి మీ ఇంటి గడప దాటితే ఒక్కరూ లేరు. మొత్తం మీరొక్కరే మోస్తున్నారు. నాలుగు నెలలకు ఈ బాధ తగ్గనంత మాత్రాన అది జబ్బని కాదు. కౌన్సెలింగ్‌లో మొదటి రెండు గంటలూ నిద్ర గురించి కాక నాన్నగారి గురించే మాట్లాడండి. ఆయన ఫోటో చూపించండి. ఆన్‌లైన్‌లో ఇదీ ఒక సౌకర్యం, మీరు మీ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆయన కళ్లజోడు, ఆయన రాసిన ఉత్తరం చేతికందేంత దూరంలోనే ఉంటాయి.

మందులు. సైకాలజిస్టు, కౌన్సెలర్ మందులు రాయరు, రాయకూడదు. అది సైకియాట్రిస్టు పని. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత సైకియాట్రిస్టులు ఆన్‌లైన్‌లో చూసి కొన్ని మందులు రాయవచ్చు, కొన్ని మాత్రం ఆన్‌లైన్‌లో రాయడానికి వీల్లేదు. మీకు మందు అవసరమో కాదో రెండు మూడు సెషన్ల తర్వాత తేలుతుంది. ఈలోపు దగ్గర్లో ఒక ఫిజీషియన్‌కు చూపించుకుని థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. దిగులని నా దగ్గరికి వచ్చిన కొందరిలో థైరాయిడ్ కూడా బయటపడింది. నిద్ర కోసం మందుల షాపులో మాత్ర అడిగి తెచ్చుకోవడం మాత్రం అస్సలు వద్దు.

ఇప్పుడు ఆన్‌లైన్ సరిపోని సందర్భాలు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తుంటే, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా విపరీతమైన హుషారు ఉంటే, ఇంట్లో కొట్టేవాళ్లు ఉంటే, రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా మానేసి వణుకుతుంటే, ఇవన్నీ నేరుగా ఆసుపత్రిలో చూడాల్సినవి. మీరు ఒక చోట "ఎందుకు బతుకుతున్నానా అనిపిస్తుంది" అని రాశారు. అది విసుగులో అన్న మాటా, లేక నిజంగా ఏదైనా చేసుకోవాలనిపిస్తోందా? రెండోదైతే కౌన్సెలర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఈ రాత్రే మీవారిని లేపి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. విసుగే అయినా సరే, కౌన్సెలర్‌కు మొదటి రోజే ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు కూడా మొదట చెప్పేది ఈ నంబరే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. అక్కడ చికిత్స తీసుకునే మనిషి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్రపు లైసెన్సు చూస్తారు. అందుకే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అడిగేవాళ్లను నేను చికిత్సకు తీసుకోను. వాళ్ల రాష్ట్రంలో లైసెన్సు ఉన్న తెలుగువాళ్లను వెతుక్కోమంటాను. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తే అక్కడ ఫోన్ చేయాల్సిన నంబరు 988.

సెషన్ మొదలయ్యేలోపు మీరు చేయగలిగింది ఒకటే చెబుతాను, ఎక్కువ చెబితే అదో బరువు. ఎన్నింటికి నిద్ర పట్టినా పొద్దున ఒకే టైముకు లేవండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి హాల్లో కూర్చోండి, ఫోను ముట్టుకోకుండా. కళ్లు మూతలు పడుతుంటే వెళ్లి పడుకోండి. వారం పది రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

చివరిగా అత్తగారు. "కౌన్సెలింగ్" అనే మాట వాడితే కాపురంలో ఏదో గొడవ అనుకుంటారని మీ భయం. అబద్ధం చెప్పొద్దు, ఎందుకంటే అది దాచడానికి మళ్లీ ఇంకో టెన్షన్. నిద్ర అనే మాటతో మొదలుపెట్టండి. "అత్తయ్యగారూ, నాన్న పోయినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదండి. వారానికోసారి ఒక మేడమ్‌గారితో ఫోన్లో మాట్లాడుతున్నాను, ఆ గంట నాకు కాస్త ఒంటరిగా కావాలండి." ఇందులో ప్రతి మాటా నిజం. ఆవిడ కూడా అరవై దాటాక సొంతింటికి తాళం వేసి, భాష తెలియని ఊరికి వచ్చారు. ఈ మాట చెప్పాక, "మీకు నిద్ర పడుతోందా అత్తయ్యగారూ?" అని కూడా అడగండి.